కోత కలపకు పాత ప్లాస్టిక్ కప్పు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పే రివిజన్ గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను అటవీ శాఖలో గుమాస్తాగా చేరి, కలప డిపో రిజిస్టర్లు రాస్తూ రిటైరైనవాణ్ణి. కార్యదర్శి గారు ఇచ్చిన కాసేపట్లో నాకు తెలిసిన కర్ర గురించే మనవి చేస్తాను. మనలో చాలామంది గ్రాట్యుటీ డబ్బు గుమ్మాలకు, తలుపులకు పోసినవాళ్ళమే. ఇప్పుడు పిల్లలు కట్టే ఇళ్ళకు అడితికి వెళ్ళి బేరం చేసేదీ మనమే.

కోసిన కర్ర గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదులుతుంది. మన డి.ఏ. లాగే అదీ ఏటా మారుతూ ఉంటుంది, కాకపోతే బకాయిలు పెట్టదు. పచ్చి కర్రలో తేమ సుమారు 30 శాతం కంటె దిగిన తరువాతనే అది కుంచించుకోవడం మొదలుపెడుతుంది. కొసల నుంచి తేమ తొందరగా పోతుంది గనుక పగుళ్ళు ముందు అక్కడే వస్తాయి. కొసలకు రంగో, మైనమో, తారో పూసేది అందుకే. తేమ 20 శాతం లోపుకు దిగి, మళ్ళీ తడవకుండా ఉంటే కర్ర కుళ్ళదు.

ప్లాస్టిక్ కప్పు పని ఇక్కడ మొదలవుతుంది. అది ఆరిన కర్ర మళ్ళీ తడవకుండా చూడటానికే గాని, పచ్చి కర్రను మూటగట్టడానికి కాదు. బట్టీలో ఆరబెట్టి విదేశాల నుంచి పంపే పైన్ కలప కట్టలను చూడండి. పైన, నాలుగు పక్కలా తొడుగు వేసి, అడుగు సాధారణంగా వదిలేస్తారు. ఎక్కడో చిరిగి నీరు దిగితే బయటకు పోయే దారి ఉండాలి గదా!

మా వీధిలో ఒకాయన ఇంటికి ఒక అడితి వాళ్ళు మామిడి పలకలు పంపారు. శ్రావణ మాసం, పచ్చి కోత. వాన తగలకూడదని నల్ల షీటుతో అడుగుతో సహా బిగించి కట్టారు. పగలు ఎండకు పలకల్లో నీరు ఆవిరై, రాత్రి చల్లబడి షీటు లోపలే చుక్కలై మళ్ళీ వాటిమీదే పడింది. నెల తరువాత విప్పితే తెల్ల బూజు, నీలం మచ్చలు. డబ్బు తిరిగి ఇవ్వలేదు సరికదా, కర్ర గుణమే అంత అన్నారు. నేనైతే కట్టిన పద్ధతిలో దోషం అంటాను. పచ్చి పలకలను నేలకు జానెడు ఎత్తున దిమ్మెల మీద, వరుస వరుసకు మధ్య సన్నని బద్దలు పెట్టి పేర్చాలి. పైన మాత్రమే బరకం కప్పి, పక్కలు గాలికి వదలాలి.

ఇక ఈ కప్పు కొత్త ప్లాస్టిక్‌తోనే చేయాలా? అక్కరలేదని నా అభిప్రాయం. 1999లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ సంచుల్లో తినే వస్తువులు పెట్టరాదన్నాయి. కర్రకు ఆ భయం లేదు. రకరకాల రంగులు కలిసి కరిగిన పాత ప్లాస్టిక్ ఎలాగూ ముదురు రంగులోనే వస్తుంది. అందులో మసి కలిపి నల్లగా చేస్తే ఎండకు తొందరగా పొడిపొడి కాదు. అయితే కరిగించిన ప్రతిసారీ బలం కొంత తగ్గుతుంది కాబట్టి కొంత కొత్త సరుకు కలుపుతారు. పలచటి చౌక షీటు కొంటే మొదటి గాలివానకే చిరుగుతుంది. పదిరూపాయలు మిగిలాయని సంతోషించేలోపు వెయ్యి రూపాయల పలక పోతుంది. 2022లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో మెత్తటి ప్యాకింగ్ ప్లాస్టిక్‌లో పాత సరుకు 2025-26 నుంచి 10 శాతం, 2027-28 నుంచి 20 శాతం ఉండాలని లక్ష్యం పెట్టారు.

కట్టే పట్టీల సంగతి మరీ బాగుంది. వాడేసిన నీళ్ళ సీసాలను కరిగించి పట్టీలు చేస్తున్నారు. ఇనుప పట్టీ తడిస్తే తుప్పు పడుతుంది. టేకు, తుమ్మ వంటి కర్రల్లోని వగరుతో ఆ ఇనుము కలిసి నల్ల మరక వేస్తుంది, చిత్రిక పట్టినా ఒక పట్టాన పోదు. ప్లాస్టిక్ పట్టీతో ఆ బాధ లేదు. అంచులు నొక్కుకోకుండా మూలల్లో పెట్టే బిళ్ళలు కూడా పాత ప్లాస్టిక్‌వే చాలు.

ఇళ్ళు కట్టే చోట పని అయ్యాక ఈ షీట్లను కుప్పవేసి తగలబెట్టడం చూస్తున్నాను. మనవల్ని ఆ పొగ దగ్గరకు రానివ్వకండి, అసలు తగలబెట్టనివ్వకండి. విప్పేటప్పుడు పిన్నులు, మేకులు ఏరి, మట్టి దులిపి, షీట్లు వేరుగా, పట్టీలు వేరుగా కట్టమని మేస్త్రీకి ముందే చెప్పండి. రెండూ వేరువేరు జాతి ప్లాస్టిక్‌లు, కలిస్తే పాత సామాన్ల వాడు తీసుకోడు. కర్ర అమ్మిన అడితి వాళ్ళే కప్పు కూడా వెనక్కి తీసుకోవాలని బేరంలోనే అడగండి. కాదంటే పక్క అడితిలో అడగండి. మనకు తీరిక ఉంది గదా.