తొలి కొలువు గడప వద్ద మన నర్సు బిడ్డలు

(నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసిన విద్యార్థినులు, వారి తల్లిదండ్రులతో దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మలక్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ వరకు మెట్రో మార్గం వెంట ఒకసారి చూడండి. యశోద, ఓమ్ని, కామినేని వంటి పెద్ద ఆసుపత్రులున్నాయి. మలక్‌పేటలోనూ వనస్థలిపురంలోనూ ప్రభుత్వ ఏరియా ఆసుపత్రులున్నాయి. ఇక నర్సింగ్ హోములు సందు సందునా ఉన్నాయి. ఇన్ని మంచాలున్న చోట నర్సుల అవసరం లేదని ఎవరూ అనలేరు. అయినా మన బిడ్డ పట్టా పట్టుకొని వెళితే వినిపించే మొదటి ప్రశ్న ‘అనుభవం ఉందా?’ అన్నదే. కొలువు లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే కొలువు రాదు. ఈ ముడిని ఎలా విప్పుకోవాలన్నదే నేటి నా ప్రసంగ విషయం.

నేను వైద్యుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నాకు తెలిసింది కాగితం. కనుక కాగితంతోనే మొదలుపెడతాను.

డిప్లొమా చేతికి వచ్చినంత మాత్రాన చట్టం దృష్టిలో నర్సు కారు. తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా, మంత్రసానిగా పేరు నమోదు కావాలి. ఆ నమోదు లేనివారిని తక్కువ జీతానికి పెట్టుకొనే చోట్లు ఉన్నాయి. అక్కడ చేసిన సేవ రేపు లెక్కకు రాదు. అందుచేత ఉద్యోగం వెతికే ముందే నమోదు పూర్తిచేయండి.

ఈ నమోదు దగ్గరే మన బిడ్డలు ఆగిపోవడం పలుమార్లు చూశాను. కారణం పేరు. పదో తరగతి మెమోలో ‘ఫాతిమా’, ఆధార్‌లో ‘ఫాతిమా బేగం’, డిప్లొమాలో ‘ఫాతిమున్నీసా’. తండ్రి పేరు ఒకచోట ‘మహమ్మద్’, మరొకచోట ‘ఎండీ’. ఇంట్లో ఇవన్నీ ఒకటే, దఫ్తరులో మాత్రం వేర్వేరు మనుషులు. పదో తరగతి మెమోను ప్రమాణంగా తీసుకొని మిగిలిన వాటిని దానికి అనుగుణంగా సరిచేయించండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే గడువు చాలదు.

రెండవది రిజర్వేషన్ ధ్రువపత్రం. 2007 నాటి చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం కోటా లభించింది. ఆ చట్టంపై వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్లినా, 2010 మధ్యంతర ఉత్తర్వు మేరకు కోటా అమలు కొనసాగింది. సయ్యద్, పఠాన్, మొఘల్ తదితర వర్గాలు ఈ జాబితాలో లేవు. వారిలో పేదలు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి మిగిలిన షరతులకు లోబడితే, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల 10 శాతం కోటాకు దరఖాస్తు చేయవచ్చు. ఏ పత్రమైనా మీసేవ ద్వారా ముందే తీసుకొని ఉంచుకోవాలి.

మూడవది స్థానికత. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానిక కేడర్ పోస్టులలో 95 శాతం స్థానికులవే. దీనికి ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన ధ్రువపత్రాలు అడుగుతారు. మన బస్తీలలోని చిన్న ప్రైవేటు బడులు ఎన్నో మూతపడ్డాయి. వాటి రిజిస్టర్లు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి కార్యాలయంలో ఇప్పుడే విచారించండి.

ఇక తొలి కొలువు సంగతి. చిన్న నర్సింగ్ హోములో చేరడం నామోషీ కాదు. కాని చేరే ముందు నాలుగు విషయాలు అడగండి. నియామక పత్రం ఇస్తారా? జీతం బ్యాంకులో వేస్తారా? భవిష్యనిధి, ఈఎస్‌ఐ వర్తిస్తాయా? వెళ్లిపోయేటప్పుడు అనుభవ పత్రం ఇస్తారా? నగదుగా చేతిలో పెట్టే జీతానికి రేపు ఏ రుజువూ ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించకండి. చూపించండి, నకలు ఇవ్వండి, తిరిగి తీసుకోండి.

ప్రైవేటు నర్సుల జీతాల గోడు సుప్రీంకోర్టు వరకు చేరింది. కోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం నియమించిన నిపుణుల సంఘం స్పష్టమైన సిఫార్సులు చేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన జీతం ఉండాలి. 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20 వేలకు తగ్గరాదు. ఇవి చెప్పి ఇన్నేళ్లయింది. ఈనాటికీ అందులో సగంతో సరిపెట్టుకొంటున్న బిడ్డలు నా దగ్గరకు వస్తూనే ఉన్నారు. సిఫార్సు చట్టంగా మారనంత వరకు అది కాగితంపైనే ఉంటుంది.

మరొక మాట, సూటిగా చెబుతాను. ఇంటర్వ్యూలో ‘తలకు స్కార్ఫ్ తీసేస్తేనే ఉద్యోగం’ అన్న చోట్లు ఉన్నాయి. అందరూ అలా లేరు. వార్డులో మన బిడ్డల స్కార్ఫ్‌ను గౌరవించే యాజమాన్యాలనూ ఎరుగుదును. నర్సు తలపై టోపీ దశాబ్దాల పాటు యూనిఫాంలో భాగమే. ఆపరేషన్ థియేటర్‌లో స్త్రీ పురుషులందరూ జుట్టు కప్పుకోవలసిందే. కనుక తల కప్పుకోవడం వృత్తికి అడ్డమన్న వాదన నిలవదు. అదే సమయంలో రోగిని తాకేటప్పుడు చేతులు శుభ్రం చేసుకోవాలి, వేలాడే కొంగులు ఉండరాదు. అది రోగి ప్రాణానికి సంబంధించిన నియమం, దానిని మనం పాటించాలి. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ కొలువులలో సమానావకాశానికి హామీ ఇస్తుంది. ప్రైవేటు కొలువులలో మత వివక్షను అడ్డుకొనే సమగ్ర చట్టం మనకు లేదు. ఆ చట్టం కోసం అడగడం మన హక్కు.

తండ్రులకు ఒక మనవి. రాత్రి డ్యూటీ అనగానే బిడ్డను మాన్పించకండి. రోగికి రాత్రి పగలు లేవు. మాన్పించడానికి బదులు, రాత్రి షిఫ్టుకు రవాణా, విశ్రాంతి గది కల్పించమని యాజమాన్యాన్ని అడగండి. నల్లగొండ, సూర్యాపేటల నుంచి వచ్చే ఆడపిల్లలకు పేరు చూసి హాస్టల్ గది నిరాకరించే సందర్భాలు ఉన్నాయి. వారికి మన ఇళ్లలో ఒక గది అద్దెకివ్వడం కూడా సమాజసేవే. గాయపడిన వారికి మదీనా మస్జిద్ వద్ద గుడారంలో శుశ్రూష చేసిన రుఫైదా అస్లమియా చరిత్ర మనది. ఈ వృత్తిని తక్కువగా చూసే అధికారం మనకు లేదు.

ప్రభుత్వ కొలువుపై ఆశ వదలకండి. 2022 డిసెంబరు నాటి స్టాఫ్ నర్సు ప్రకటన ద్వారా ఎంపికైన సుమారు 7 వేల మందికి 2024 జనవరి 31న నియామక పత్రాలు అందాయి. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన వెలువడింది. జీఎన్‌ఎం వారూ అర్హులే. రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రులలో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సేవకు 20 వరకు మార్కులు. కనుక అటువంటి తాత్కాలిక కొలువు దొరికితే దానిని చిన్నచూపు చూడకండి. విదేశాలకు వెళ్లదలచినవారు ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టవద్దు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించండి. గల్ఫ్ దేశాలకైతే ఈ-మైగ్రేట్ విధానంలోనే వెళ్లండి.

చివరిగా మూడు కోరికలు. నిపుణుల సంఘం సిఫార్సులకు రాష్ట్ర ప్రభుత్వం చట్టరూపం ఇవ్వాలి. కొత్తగా పట్టా పొందిన నర్సులకు ప్రభుత్వ ఆసుపత్రులలో భృతితో కూడిన ఏడాది శిక్షణ కల్పించాలి. మన మస్జిద్ కమిటీలు శుక్రవారం నమాజు తరువాత ఒక గంట సమయం, ఒక బల్ల, ఒక చదువుకున్న మనిషిని ఈ దరఖాస్తుల కోసం కేటాయించాలి. మొదటి రెండింటికీ పోరాడాలి. మూడవది మన చేతిలోనే ఉంది, వచ్చే శుక్రవారమే మొదలుపెట్టవచ్చు. ఆ బల్ల వద్ద కూర్చోవడానికి నేను సిద్ధం. మీ కాగితాలు తీసుకొని రండి.