రక్తాన్ని చదివే వైద్యులు
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సభలో వ్యాధి ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. బాళగనూరు పరిసరాలలో, తుంగభద్ర ఎడమ కాలువ వెంట వెలసిన తెలుగు క్యాంపులలో ఎవరిని కదిపినా, క్యాన్సర్ వైద్యానికై హైదరాబాదుకో బెంగుళూరుకో ప్రయాణమైన బంధువొకరి సంగతి వినవస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ పెద్ద వైద్యుడు కాగలడా అన్న సందేహమూ అదే ఇళ్ళలో వినవస్తుంది. ఈ రెండు మాటలూ కలిసే చోటు ఒకటున్నది. రక్తవ్యాధులకు, క్యాన్సరుకు వైద్యం చేసేవారు పొందే ప్రత్యేక శిక్షణే ఆ చోటు. ఆ శిక్షణలో కఠినమైనదేదో అందులో ఆరితేరినవారి అనుభవాల నుండే తెలుసుకోవడం మేలు.

ముందుగా ఆ చదువు పొడవెంతో చూడాలి. ఎం.బి.బి.ఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర సంవత్సరాలు, ఎం.డి. మూడేళ్ళు, ఆపైన డి.ఎం. మరి మూడేళ్ళు. పదవ తరగతి సహాధ్యాయి ఉద్యోగంలో స్థిరపడి, ఇల్లు కట్టుకుని, బిడ్డను బడిలో చేర్చే నాటికి కూడా ఈతడు విద్యార్థిగానే ఉంటాడు. అమెరికాలో సైతం రక్తవ్యాధుల నిపుణులకు 1972లోను, క్యాన్సర్ వైద్య నిపుణులకు 1973లోను గాని ప్రత్యేక పరీక్షలు ఏర్పడలేదు. మన దేశంలో క్యాన్సర్ విభాగంలో ఈ ఉన్నత శిక్షణను 1984లో మద్రాసు అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఆరంభించింది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు, తమ సోదరి క్యాన్సరుతో మరణించిన దుఃఖాన్ని మనసులో ఉంచుకొని, 1954లో పన్నెండు పడకలతో నెలకొల్పిన సంస్థ అది. మరుసటి ఏడు అందులో చేరిన డాక్టర్ వి. శాంత గారు 2021లో కన్నుమూసేవరకు ఆ సంస్థను విడువలేదు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట క్యాన్సర్ ఆసుపత్రి 1955లో వెలసింది. అప్పటికి రాయచూరు జిల్లా కూడా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. 1956లో రాష్ట్రాలు మారినా రోగుల దారి మారలేదు. బెంగుళూరు కిద్వాయి సంస్థ 1973లో వచ్చిన పిదప ఆ దారి రెండుగా చీలింది, అంతే.

ఈ వైద్యానికి ఆయుధమందించిన మహనీయుడు ఒక తెలుగువాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఫలితాల దినాన బిడ్డను నిలదీసే తండ్రులు ఈ వాక్యాన్ని మరొకసారి చదువుకోవలసినది! మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టానికి బదులు తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల తేడాతో బలిగొన్నది. అమెరికా చేరిన తొలినాళ్ళలో బోస్టను ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల పరిచర్య చేసే కూలిగా పొట్టపోసుకున్నారు. హార్వర్డులో పరిశోధన సాగించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, సోదరులను పొట్టనబెట్టుకున్న ఆ స్ప్రూకే ఔషధమైనది.

ఫోలిక్ ఆమ్లం కథలో భారతీయ స్త్రీలకూ పాత్ర ఉన్నది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే నిరుపేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. మద్యం తయారీలో వాడే ఈస్టు నుండి చేసిన చౌకైన మార్మైట్ తినిపిస్తే వారి నెత్తురు కోలుకోవడం గమనించారు. అందులోని గుణమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. నేటికీ గర్భిణులకు ఆసుపత్రులలో ఇచ్చే ఇనుము బిళ్ళలో ఇదీ కలిసి ఉంటుంది.

బోస్టను బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఈ ఆమ్లాన్ని ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గకపోగా విజృంభించినట్లు కనబడింది. నెత్తురు పెరుగుదలకు మేత అయినదే వ్యాధికి కూడా మేత అయినదని ఆయన గ్రహించాడు. అయితే ఆ మేతను అడ్డగించే పదార్థం కావాలి. దానిని సుబ్బారావు గారి బృందం తయారుచేసి ఇచ్చింది. పేరు అమినోప్టెరిన్. 1947 చివరి మాసాలలో ఆ మందు పిల్లలకు అందింది. 1948 జూనులో వెలువడిన నివేదిక ప్రకారం పదహారుగురిలో పదిమందికి గుణం కనిపించింది. ఆ గుణం కొన్ని నెలలు మాత్రమే నిలిచింది. పిల్లలను ప్రశాంతంగా పోనివ్వక ఈ ప్రయోగాలెందుకని అదే ఆసుపత్రిలోని వైద్యులు కొందరు వ్యతిరేకించారు కూడా. ఆ సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు తమ యాభైమూడవ ఏట ఆకస్మికంగా మరణించారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో వాడుతున్నారు.

ఇక శిక్షణ పొందిన వైద్యుల మాటకు వస్తే, అందరికంటె వివరంగా వ్రాసినవారు సిద్ధార్థ ముఖర్జీ. ఢిల్లీలో పుట్టిన ఈ వైద్యుడు 2003 వేసవిలో, ఫార్బరు పేరు మీదనే నడిచే బోస్టను సంస్థలో క్యాన్సర్ శిక్షణకు చేరారు. 2010లో వెలువడి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందిన ఆయన గ్రంథంలో సుబ్బారావు గారి చరిత్ర కూడా చోటుచేసుకున్నది. ఆ శిక్షణ తమను ముంచివేసేదిగా ఉండేదని, సాయంత్రం పని ముగిశాక వాహనాలు నిలిపే చోట సహాధ్యాయులు మాట పెగలని స్థితిలో ఉండేవారని ఆయన వ్రాశారు. ఆసుపత్రి వెలుపల కూడా ఒక జీవితం ఉంచుకొమ్మని, పని మనిషిని మింగకుండా చూసుకొమ్మని తోటివైద్యుడొకరు హెచ్చరించారట. ఆయన చేతికి వచ్చిన రోగులలో ముప్పై ఏళ్ళ ఉపాధ్యాయిని ఒకరు, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే ఆమె. తీవ్రమైన ల్యుకేమియా. బ్రతుకుతారని ఎవరూ హామీ ఇవ్వలేని దశ నుండి ఆమె బయటపడ్డారు. ఆ గ్రంథంలో మందుల జాబితా కంటె ఎక్కువగా మనసుకు హత్తుకునేది, వైద్యుడు ఆమె ఎదుట కూర్చొని సత్యాన్ని ఎంత మేరకు, ఏ మాటలలో చెప్పాలోనని సతమతమైన ఘట్టం.

శిక్షణలో చేతిపనికి కొదవ లేదు. తుంటి ఎముకలో సూది దింపి మూలుగను తీయాలి. గాజుపలక మీద పరచిన నెత్తుటిబొట్టును సూక్ష్మదర్శినిలో కణం కణంగా చదవాలి. రోగి ఎత్తు, బరువులను బట్టి శరీర వైశాల్యం గణించి మందు మోతాదు కట్టాలి. తెల్లకణాలు పడిపోయిన రోగికి జ్వరం వస్తే అర్ధరాత్రి అయినా పరుగెత్తాలి. ఇవన్నీ అభ్యాసంతో వచ్చేవే. అభ్యాసంతో అంత తేలికగా రానిది మాట.

ల్యుకేమియా సోకిన బిడ్డకు మొదటి నెల చికిత్సలోనే జ్వరం తగ్గి, ముఖం తేటపడుతుంది. వైద్యులు దీనిని రెమిషన్ అంటారు. సూక్ష్మదర్శినికి వ్యాధి కనబడడం లేదని మాత్రమే దాని అర్థం. అసలు చికిత్స ఇంకా రెండేళ్ళో అంతకు మించియో ఉన్నది. ఇంటివారికి మాత్రం బిడ్డ బాగుపడ్డాడన్నదే అర్థమవుతుంది. ఊరు దూరం, ఖర్చు భారం, నాట్ల కాలం, మధ్యలో మానివేస్తారు. కొన్ని నెలలకు వ్యాధి మళ్ళీ పైకి లేస్తుంది. సంపన్న దేశాలలో క్యాన్సర్ సోకిన పిల్లలలో ఎనభై శాతానికి పైగా కోలుకుంటుండగా, పేదదేశాలు ఆ లెక్కకు ఎంతో దూరాన ఉండడానికి ముఖ్య కారణాలలో ఇదొకటి. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం అరవై శాతం పిల్లలు బ్రతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకున్నది. అది ఔషధాలతో మాత్రమే తీరేది కాదు.

"రెమిషన్" అన్న మాటను సింధనూరు వైపు నుండి వచ్చిన రైతు దంపతులకు ఎవరు విడమరచి చెప్పాలి? పొలంలో తుంగ ఉదాహరణ చాలదా! పైన కోసినంత మాత్రాన తుంగ పోదు, గడ్డ భూమిలోనే ఉంటుందని చెబితే ఆ తండ్రికి మరొక వివరణ అక్కరలేదు. ఆ ఉపమానం ఆంగ్ల గ్రంథంలో దొరకదు. ఇంటిలో విన్న భాషను బడిలోనూ చదివి, దానితో ఆలోచించడం నేర్చిన వైద్యునికి అది సహజంగా తోస్తుంది. ఆంగ్లం రాకుండా ఆ శిక్షణ పూర్తికాదన్నది నిజమే. దానికై శ్రమించక తప్పదు. అయితే తెలుగులో చదివిన పదేళ్ళు వృథా పోయినవనే వాదం రోగి మంచం దగ్గర నిలువదు. కన్నడం కూడా వచ్చిన ఇక్కడి పిల్లలకు ఆ మంచం దగ్గర మరింత బలం. కృష్ణా జిల్లా మంటాడ అనే పల్లెలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు గారు కర్నూలులో వైద్యం చదివి, న్యూయార్కులో క్యాన్సర్ కిరణచికిత్సలో పేరుమోసి, 2015లో పద్మశ్రీ అందుకున్నారు. పల్లెటూరి పుట్టుక ఆయనకు అడ్డు రాలేదు.

తల్లిదండ్రులకు, తరగతి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వారాల తరబడి వదలని జ్వరం, ముఖం పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ళ నుండి నెత్తురు, ఎముకల నొప్పి కనిపిస్తే తాయెత్తులతో కాలం పుచ్చక రక్తకణాల పరీక్ష చేయించాలి. చాలావరకు అది మరేదో చిన్న వ్యాధిగా తేలుతుంది. ల్యుకేమియాగా తేలిన బిడ్డ చికిత్స మధ్యలో జుట్టు రాలిన తలతో బడికి వచ్చినప్పుడు టోపీ తీయమని ఎవరూ అడగరాదు. ఆ బిడ్డకు రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉంటుంది గనుక, తరగతిలో ఎవరికైనా తట్టు గాని ఆటలమ్మ గాని పోసినట్లు తెలిస్తే ఆ కబురు ఆ ఇంటికి అదే రోజు చేరాలి. వారు వెంటనే ఆసుపత్రికి ఫోను చేసి, ఏమి చేయాలో అడిగి తెలుసుకోగలుగుతారు.