పదిమంది కలిస్తే జట్టు అవుతుందా?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి పెద్దలు చక్కగా చెప్పారు. పని దొరికిన తరువాతి సంగతి నేను మనవి చేస్తాను. మన పిల్లలు చాలామంది గ్యారేజీల్లో, టైలరింగ్ షాపుల్లో, ఫ్యాక్టరీల్లో, గల్ఫ్ కంపెనీల్లో పని చేస్తున్నారు. అక్కడ పదిమందితో కలిసి చేయాల్సిందే గాని ఒంటరిగా సాగే పని తక్కువ. చేతిలో పనితనం ఉండి కూడా, పక్కవాడితో పొసగక పని మానేసి ఇంటికొచ్చే కుర్రాళ్లను మనమంతా చూస్తూనే ఉన్నాం. వాడి జీతం ఆగితే చెల్లెలి ఫీజు ఆగుతుంది, తల్లి మందులు ఆగుతాయి. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అమెరికాకు చెందిన బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చిన్న బృందాల మీద వచ్చిన 50 వ్యాసాలను పరిశీలించి 1965లో ఒక విషయం చెప్పారు. బృందం నాలుగు మెట్లు ఎక్కుతుందట. మొదటిది చేరిక. అందరూ కొత్తవాళ్లు, మర్యాదగా ఉంటారు, పెద్దాయన ముఖం చూసి నడుచుకుంటారు. రెండవది తగవు. ఎవరి మాట చెల్లాలి, ఎవరి పని ఎంత అని గొడవ మొదలవుతుంది. మూడవది కట్టుబాటు. ఇక్కడ పని ఇలా చేయాలి, మాట ఇలా అనాలి అనే పద్ధతి ఏర్పడుతుంది. నాలుగవది అసలు పని. అప్పుడు ఒకరికొకరు అందిస్తూ పోతారు. 1977లో టక్‌మన్, మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి అయిదవ మెట్టు కూడా చేర్చారు. అది పని ముగిసి విడిపోవడం.

ఈ మెట్లు అన్నిచోట్లా ఇదే వరసలో రావు. కొత్త మనిషి చేరితే జట్టు మళ్ళీ కిందికి దిగవచ్చు. కాని మనం ముఖ్యంగా గమనించాల్సింది రెండవ మెట్టు. మనవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. గొడవ వచ్చిందంటే "ఇక ఈ చోటు మనది కాదు" అనుకుంటారు. నిజానికి అది జట్టు కుదురుకునే ముందు వచ్చే కాలం. పాలు కాగేటప్పుడు పొంగు వస్తుంది. దగ్గరుండి మంట తగ్గించాలి గాని పాలు పారబోస్తామా?

మన దేశంలోనే జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను. 1953లో అహమ్మదాబాదు కాలికో మిల్లులో ఎ.కె. రైస్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు ఒక మార్పు చేయించారు. ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది పనివాళ్లు. నేసేవాడు వేరు, తెగిన పోగులు అతికేవాడు వేరు, నూనె వేసేవాడు వేరు. ఎవరి పని వారిదే, మొత్తం గుడ్డ బాధ్యత ఎవరిదీ కాదు. రైస్ సలహాతో పనివాళ్లే తమకు నచ్చినవారితో చిన్న చిన్న జట్లుగా ఏర్పడ్డారు. ఒక్కో జట్టుకు కొన్ని మగ్గాలు పూర్తిగా అప్పగించారు. తొలిరోజుల్లో తడబాటు తప్పలేదు. కుదురుకున్నాక మగ్గాల సామర్థ్యం 80 శాతం నుంచి 95 శాతానికి పెరిగింది, గుడ్డలో నష్టం 32 శాతం నుంచి 20కి తగ్గింది. మనుషులు వాళ్లే, మగ్గాలూ అవే. మారిందల్లా, ఈ పని మనందరిదీ అనే భావం ఒక్కటే.

మన చరిత్రలోనూ ఈ పాఠం ఉంది. హిజ్రీ 5లో, అంటే క్రీ.శ. 627లో, మదీనా రక్షణకు కందకం తవ్వాలని సల్మాన్ ఫార్సీ సలహా ఇచ్చారు. ఆయన పర్షియా నుంచి వచ్చినవారు. అయినా ఆ సలహాను స్వీకరించారు. 10 మందికి 40 మూరల చొప్పున పని పంచారని చరిత్రకారులు రాశారు. ప్రవక్త (సఅసం) స్వయంగా మట్టి మోశారు. పని వాటా స్పష్టం, సలహాకు విలువ ఉంది, నాయకుడు పక్కనే ఉన్నాడు. జట్టుకు ఇంతకంటే ఏం కావాలి?

కనుక యువకులకు నాలుగు మాటలు. చేరిన మొదటి రోజే నీ వాటా ఏమిటో, అది ఎవరికి అందించాలో అడిగి తెలుసుకో. కోపం వస్తే ఆ విషయం మనిషి ముందే చెప్పు, టీ కొట్టు దగ్గర కాదు. పక్కవాడి పని కూడా కొంత నేర్చుకో, వాడు రాని రోజు జట్టు ఆగకూడదు. తగవు వచ్చిన వారంలోనే మానేయకు.

ఉస్తాదులకు, యజమానులకు కూడా ఒక మనవి. మొదట్లో ప్రతిదీ మీరే చెప్పాలి, నిజమే. గొడవలప్పుడు మీరే కూర్చోబెట్టి మాట్లాడించాలి. కాని పని కుదురుకున్నాక కొంచెం వెనక్కి జరగండి. కుర్రాళ్లను మషూరా అడగండి. ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే షూరా, అంటే సంప్రదింపు. తప్పు జరిగితే "ఎవరు చేశారు" అనే ముందు "ఎలా జరిగింది" అని అడగండి. నలుగురి ముందు తిట్లు తిన్నవాడు మర్నాడు తప్పును దాస్తాడు. దాచిన తప్పుకు నష్టం షాపుదే.

మన సంఘానికీ ఇదే వర్తిస్తుంది. అభిప్రాయ భేదం వచ్చిన రోజే సంఘం చీలనక్కరలేదు. ఆ రోజు కూర్చుని మాట్లాడుకుంటే అది మూడవ మెట్టు ఎక్కినట్టే. అల్లాహ్ మనందరికీ కలిసి పని చేసే తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.