ఫార్మసిస్టు వృత్తి యోగ్యత: అధ్యక్షోపన్యాసం

ఫార్మసీ వృత్తిలో క్రమశిక్షణను గురించి మన దేశంలో జరిగే ఏ చర్చ అయినా 1948 నాటి ఫార్మసీ చట్టంలోని 36వ సెక్షను దగ్గరకు రాక తప్పదు. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టరులో నమోదైన వ్యక్తికి ఏదైనా నేరంలో శిక్ష పడినా, వృత్తికి తలవంపులు తెచ్చే నడవడికకు ఆ వ్యక్తి పాల్పడినా, అందువల్ల రిజిస్టరులో కొనసాగడానికి తగరని కార్యనిర్వాహక సంఘం భావిస్తే, సంజాయిషీ చెప్పుకునే అవకాశమిచ్చిన పిమ్మట పేరు తొలగించవచ్చు. ఆ ఉత్తర్వును కౌన్సిల్ ధ్రువీకరించాలి. ధ్రువీకరించిన మూడు నెలలదాకా అది అమలులోకి రాదు. ముప్పై రోజులలో రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. నిందితునికి రక్షణలు చాలినన్ని ఉన్నాయి. లోటల్లా ఈ సెక్షను కౌన్సిల్‌కు ఇచ్చిన ఆయుధం తొలగింపు ఒక్కటే కావడం. హెచ్చరించి విడవడానికి గాని, షరతుల మీద పని చేయనివ్వడానికి గాని, జబ్బుపడిన వారికి చికిత్స చేయించి తిరిగి వృత్తిలోకి రప్పించడానికి గాని ఇందులో మెట్లు లేవు.

ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో 2010 నుంచి జనరల్ ఫార్మస్యూటికల్ కౌన్సిల్ ఈ పనిని మరొక దృష్టితో నిర్వహిస్తున్నది. అక్కడ విచారణకు వచ్చే ప్రశ్న వృత్తి యోగ్యత, అంటే ఆ వ్యక్తి ఇకముందు రోగికి హాని లేకుండా ఈ పని చేయగలరా అన్నది. దుష్ప్రవర్తన, పనితీరు లోపం, అనారోగ్యం, నేరశిక్ష, వీటిలో ఏది ఆ యోగ్యతను దెబ్బతీసినా హెచ్చరిక, షరతులు, తాత్కాలిక నిలుపుదల, తొలగింపు అనే అంచెలున్నాయి. ఇంతకంటే విలువైనది 2018లో అక్కడ వచ్చిన మార్పు: రిజిస్టరైన ఫార్మసీలో వృత్తిధర్మంగా పని చేస్తూ తెలియక పొరబడిన ఫార్మసిస్టు, పొరపాటు తెలిసిన వెంటనే రోగికి తెలియజేస్తే, నేరాభియోగం నుంచి రక్షణ పొందవచ్చు. భయం ఉన్నచోట పొరపాటును దాచిపెడతారు, దాచిన పొరపాటు మరో కౌంటరులో మళ్ళీ జరుగుతుంది. కాబట్టి ఈ రక్షణ అంతిమంగా రోగికే దక్కుతున్నది.

అయితే మన తెలుగు రాష్ట్రాలలో ఇటువంటి మార్పును గురించి ఆలోచించడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మందుల షాపు గోడమీద లైసెన్సులో ఒకరి పేరు, కౌంటరు వెనుక చీటీ చదివి మందిచ్చేది మరొకరు. సర్టిఫికెట్ అద్దెకిచ్చే ఈ అలవాటును వృత్తిలోని వారే సర్దుబాటుగా చూస్తున్నారు గాని, ఇది వృత్తిద్రోహం. తాను లేని చోట తన పేరుతో మందు ఇవ్వనిచ్చిన వారి యోగ్యతను గురించి విచారించడానికి ఇంకేమీ మిగలదు. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరొకరు డాక్టరు చీటీ మీద మందు ఇవ్వకూడదని 42వ సెక్షను శాసిస్తున్నది. తనిఖీ చేసి దుకాణం లైసెన్సుపై చర్య తీసుకునేది ఔషధ నియంత్రణ శాఖ, రిజిస్టరు మాత్రం కౌన్సిల్ చేతిలో ఉంటుంది. లైసెన్సు సస్పెండు చేసిన సమాచారం కౌన్సిల్‌కు చేరకపోతే, అదే సర్టిఫికెట్ వేరే ఊళ్ళో వేరే గోడకు ఎక్కుతుంది. పైగా 36వ సెక్షను విధించే అనర్హత ఆ రాష్ట్రం వరకే పరిమితం కనుక, 2014 విభజన తరువాత రెండు రాష్ట్రాల రిజిస్టర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అత్యవసరం. తొలగించిన పేర్లను, సస్పెండైన లైసెన్సులలోని ఫార్మసిస్టుల పేర్లను రెండు కౌన్సిళ్ళూ, రెండు ఔషధ నియంత్రణ శాఖలూ పరస్పరం తెలియజేసుకునే ఏర్పాటును ఈ సదస్సు తన మొదటి తీర్మానంగా కోరవలసి ఉన్నది.