తెలుగు పీరియడులో లఘుచిత్రం
(హోసూరులో తెలుగు ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల కూడికలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత తెలుగు పీరియడులో మూడేసి నిమిషాల లఘుచిత్రాలు తీయించాలని మన ఉపాధ్యాయులు తలపెట్టారు. "పాఠాలే సాగడం లేదు, ఇక సినిమాలా?" అని అడిగేవారు ఈ సభలోనూ ఉన్నారు. వారికి నేను చట్టం వైపు నుండి బదులు చెబుతాను. నాకు తెలిసిన విద్య అదే.

1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వేళ, ఏడవ సవరణతో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని అది చెబుతుంది. అయితే ప్రాథమిక దశ వరకే. అయిదవ తరగతి దాటిన పిల్లవాడికి ఆ గొడుగు లేదు. ఇక 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని తప్పనిసరి మొదటి భాషగా చేసి, మన తెలుగును ఐచ్ఛిక భాగంలో కూర్చోబెట్టింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి పైకి పాకి, 2015-16 నాటికి అది పదవ తరగతికి చేరింది. తమిళం నేర్వడానికి మనకు అభ్యంతరం లేదు. తరతరాలుగా నేరుస్తూనే ఉన్నాం. మన బాధల్లా మిగిలిన ఆ ఒక్క తెలుగు పీరియడును గురించే. పరీక్షలు దగ్గరపడితే లెక్కల పాఠం దాన్ని కూడా మింగివేస్తుంది.

ఆ పీరియడును నిలబెట్టే ఊతం ఒకటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదవ తరగతి వరకు వర్తిస్తుంది. దాని 29వ సెక్షన్‌లో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి: పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్వాలన్నది ఒకటి, బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో జరగాలన్నది రెండవది. "సాధ్యమైనంతవరకు" అన్నది జారుడు మెట్టే, కాదనను. అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా; అక్కడ మనకు 30వ అధికరణమే అండ. ప్రభుత్వ బడులలో మాత్రం ప్రధానోపాధ్యాయుని ముందు ఈ రెండు మాటలనూ చదివి వినిపించండి. తెలుగులో లఘుచిత్రం ఆ రెంటికీ సరిపోతుంది. పైగా 2022లో తమిళనాడు ప్రభుత్వమే ఆరు నుండి తొమ్మిదవ తరగతి పిల్లలకు బడులలో నెలనెలా బాలల చిత్రాలు చూపే కార్యక్రమాన్ని ప్రారంభించింది. సినిమా బడిలోకి ఎప్పుడో వచ్చేసింది. తెలుగు పిల్లవాడు చూసేవాడిగానే మిగలాలా?

ఇక చిత్రంలో తెలుగు ఎక్కడున్నదో చూడండి. రాగిపైరు మీద మూడు నిమిషాలు తీశారనుకోండి. నారు, నాటు, కలుపు, కోత, కళ్లం, తూర్పారబోత, ఇసుర్రాయి, సంగటి, తెడ్డు. ఈ మాటల కోసం పిల్లలు అవ్వ దగ్గర కూర్చోవాలి. ఆమె చెప్పింది విని రాసుకోవాలి. రాసినదాన్ని సన్నివేశాలుగా విడదీయాలి. చిత్రం కింద ఆ పలుకులను తెలుగు లిపిలో అచ్చు వేయాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, రాయడానికి మాత్రం తడబడే పిల్లలు మనకెందరో ఉన్నారు. చెవిన పడిన మాటను తప్పులేకుండా అక్షరాల్లో పెట్టడం వారికి అసలైన పరీక్ష. సెల్‌ఫోన్ తిప్పడం వారు మనకంటే బాగా ఎరుగుదురు. మార్కులు దానికి వేయవద్దు. రాతప్రతికి, సంభాషణకు, అచ్చు పలుకులకు వేయండి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. అవ్వ పలుకును దయచేసి దిద్దకండి. ఆమె మాటను పాఠ్యపుస్తకపు తెలుగులోకి మార్చి పిల్లవాడి నోట పెడితే, తన ఇంటి తెలుగు తెలుగే కాదని వాడికి మనమే నేర్పినవాళ్లమవుతాం. దాన్ని కాపాడుకునే హక్కు 29వ అధికరణం మనకిచ్చింది. దిద్దవలసింది వ్యాఖ్యాత చదివే భాగాన్ని. ఏ మాట ఎక్కడిదని తరగతిలో చర్చ పెడితే మరీ మంచిది.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. సినిమా పాటలు వాడకండి. బడిలో, తల్లిదండ్రుల ఎదుట జరిగే ప్రదర్శనలకు 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇచ్చింది. యూట్యూబులో పెడితే ఆ వెసులుబాటు వెంట రాదు. కోతల పాట అవ్వకు వస్తుంది, అడగండి. రెండవది, పిల్లల ముఖాలు బయటివారికి చూపే ముందు తల్లిదండ్రుల చేత అనుమతి పత్రం రాయించుకోండి. పత్రం తెలుగులోనే ఉండాలి. నమూనా ప్రతులు తెచ్చాను. వాకిలి దగ్గర బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.