పటాలంలో మనవాళ్లు

(చంద్రశేఖరపురంలో కొత్తగా చదువు నేర్చిన మహిళలతో చెప్పిన మాటలు)



మనది మెట్ట ప్రాంతం. వాన పడితేనే పంట. పది చదివిన కుర్రాడు "మిలిట్రీలో చేరతానమ్మా" అంటాడు. తల్లి గుండె గుబేలుమంటుంది. అసలు ఆ మిలిట్రీ ఏమిటి? మనవాళ్లు అందులోకి ఎప్పుడు వెళ్లారు? ఈరోజు మద్రాసు రెజిమెంటు సంగతి చెప్పుకుందాం.

రెజిమెంటు అంటే ఒకే పేరు, ఒకే గుర్తు ఉన్న కొన్ని పటాలాల కుటుంబం. మద్రాసు రెజిమెంటు కాల్బలం. అంటే తుపాకి పట్టి నేల మీద పోరాడే దళం. మన సైన్యంలో చాలా పాత రెజిమెంటు ఇది. 1953 దాకా మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. కాబట్టి ఆ పేరు మనకు పరాయిది కాదు.

అప్పట్లో మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ ఉండేది. దానికీ ఫ్రెంచి వాళ్లకూ పోరు. 1758లో స్ట్రింగర్ లారెన్స్ అనే అధికారి విడివిడిగా ఉన్న సిపాయిలను పటాలాలుగా కూర్చాడు. ఆ సిపాయిలు మన దక్షిణాది వాళ్లే. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలిచేవారు. ఆ మాట మన తెలుగు నేల పేరు నుంచి పుట్టిందే!

జీతం తెల్లవాడిది. ప్రాణం మాత్రం మనవాడిది. 1806లో వేలూరు కోటలో తెల్ల అధికారులు కొత్త రూలు పెట్టారు. నుదుట బొట్టు వద్దన్నారు. గడ్డం తీయమన్నారు. కొత్తరకం తలపాగా పెట్టుకోమన్నారు. సిపాయిలు తిరగబడ్డారు. వందలమంది చనిపోయారు. 1857 తిరుగుబాటుకు ఇది 51 ఏళ్ల ముందు మాట.

1947లో స్వరాజ్యం వచ్చింది. అప్పటినుంచి ఈ రెజిమెంటు మన దేశం కోసం నిలబడింది. కాశ్మీరులోనూ, 1965, 1971 యుద్ధాల్లోనూ పోరాడింది.

దీని గుర్తు ఏనుగు. 1803లో అస్సాయే అనే చోట జరిగిన యుద్ధానికి జ్ఞాపకంగా వచ్చింది. దీని కేంద్రం నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పిల్లలు అక్కడ కలిసి తింటారు, కలిసి పడుకుంటారు. వాళ్లను అందరూ "తంబి" అంటారు. అంటే తమిళంలో తమ్ముడు. శత్రువు మీదికి వెళ్లేటప్పుడు "వీర మద్రాసీ, అడి కొల్లు" అని కేక వేస్తారు. వీరుడా, కొట్టు, చంపు అని దాని అర్థం.

పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధానికే ఆ ఊరినుంచి 90 మంది వెళ్లారు. అందుకే దాన్ని మిలిట్రీ మాధవరం అంటారు.

ఇప్పుడు మన సంగతి. 2022లో అగ్నివీర్ అనే పద్ధతి వచ్చింది. దాని ప్రకారం సిపాయిగా చేరిన కుర్రాడికి నాలుగేళ్లే ఉద్యోగం. తర్వాత నూటికి 25 మంది వరకే ఉంచుకుంటారు. మిగతావాళ్లకు కొంత సొమ్ము ఒకేసారి ఇస్తారు. పింఛను ఉండదు. ఈ సంగతి తెలియకుండా అప్పు చేసి దళారికి డబ్బు కట్టేవాళ్లున్నారు. దళారికి ఒక్క పైసా ఇవ్వనక్కర్లేదు. ఉద్యోగం పరుగులోనూ పరీక్షలోనూ గెలిస్తేనే వస్తుంది.

ఆడపిల్లలకూ దారి తెరుచుకుంది. 2021 మేలో బెంగుళూరులో 83 మంది ఆడపిల్లలు శిక్షణ ముగించి సైనిక పోలీసుల్లో చేరారు.

అమ్మలారా! నాడు సిపాయి తల్లి వేరేవాళ్లచేత ఉత్తరం చదివించుకునేది. చదివినవాళ్లు చెప్పిందే నమ్మేది. నేడు మీకు అక్షరం వచ్చింది. కొడుకు సంతకం పెట్టే కాగితం ముందు మీరు చదవండి. ఎన్నేళ్లు? ఎంత జీతం? నామినీగా ఎవరి పేరు రాశారు? అడగండి. కొడుకును పంపాలో వద్దో అప్పుడు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాటల్లో మీ మాటా ఉండాలి.