మెషిన్ తప్పేం లేదు, మిక్సీది: ఇంట్లో ఎస్ప్రెస్సోకి గ్రైండర్ ఎలా ఎంచుకోవాలి?

ఇవాళ టేబుల్ మీద మెషిన్ లేదు, గమనించారా? కావాలనే తీసి లోపల పెట్టా. ఈ ఎపిసోడ్ మొత్తం నా చేతిలో ఉన్న ఈ గ్రైండర్ గురించే.

ముందు నేను బోల్తా పడ్డ కథ చెప్తా. రెండేళ్ల కింద, సరిగ్గా జాబ్ మానేసే ముందు నెలలో, ఎస్ప్రెస్సో మెషిన్ కొన్నా. 18 వేలు, 9 నెలల ఈఎంఐ. డబ్బా మీద పెద్ద అక్షరాలతో '15 బార్' అని ఉంది. బీటెక్ బుర్ర కదా, నంబర్ పెద్దగా కనిపిస్తే చాలు పడిపోతాం. గ్రైండర్ గురించి అసలు ఆలోచించలేదు. ఇంట్లో మిక్సీ ఉంది, చాల్లే అనుకున్నా.

అరకు గింజలు తెప్పించి చట్నీ జార్‌లో వేసి తిప్పా. షాట్ 11 సెకన్లలో నీళ్లలా దిగిపోయింది. నాన్న ఒక్క గుక్క తాగి "ఏంట్రా ఇది, చింతపండు చారులా ఉంది" అన్నారు. మర్నాడు ఇంకా మెత్తగా తిప్పా. ఈసారి చుక్క చుక్క పడి ఆగిపోయింది. తాగితే కషాయం. అమ్మ బాధ ఇంకోటి, వారం పాటు కొబ్బరి చట్నీ కూడా కాఫీ వాసనే.

రెండో ఈఎంఐ కట్ అయిన రోజు, మెషిన్ అమ్మేద్దామని ఫోటోలు కూడా తీసేశా. జీతం ఆగిపోయింది, ఇంకా ఏడు వాయిదాలున్నాయి, తాగడానికి చూస్తే చారు. అదే వారం పాత ఆఫీస్ ఫ్రెండ్ ఒకడు తన హ్యాండ్ గ్రైండర్ రెండు రోజులకి ఇచ్చాడు. అదే మెషిన్, అవే గింజలు. నాలుగో షాట్‌కి 27 సెకన్లు వచ్చింది. తాగి కాసేపు ఏం మాట్లాడలేదు. అప్పటిదాకా తిట్టిందంతా మెషిన్‌నే!

అసలు సంగతి ఏంటంటే, మెషిన్ చేసే పని వేడి నీళ్లని ఒత్తిడితో తోయడమే. ఎస్ప్రెస్సోకి మామూలుగా 9 బార్ చాలు. డబ్బా మీద రాసే 15, 20 అన్నవి పంప్ గరిష్ఠంగా ఎంత తోయగలదో చెప్పే నంబర్లు. ఆ నీళ్లని ఎంతసేపు ఆపాలో తేల్చేది మాత్రం పొడి. పొడి బరకగా ఉంటే నీళ్లు పరిగెడతాయి, కాఫీ పుల్లగా పలచగా వస్తుంది. మరీ మెత్తగా ఉంటే ఇరుక్కుపోతాయి, చేదు. 18 గ్రాముల పొడి పెడితే 36 గ్రాముల కాఫీ 25-30 సెకన్లలో దిగడం అనేది మొదలుపెట్టడానికి మంచి లెక్క. ఆ సెకన్లు మన చేతికి రావాలంటే ఉన్న దారి గ్రైండరే.

మరి మిక్సీ ఎందుకు పనికిరాదు? బ్లేడ్ గింజని కొడుతుంది అంతే, ఏ ముక్క ఎంత సైజులో ఉండాలో దానికి తెలీదు. మైదా, బొంబాయి రవ్వ, పగిలిన శనగపప్పు మూడూ కలిపితే ఎలా ఉంటుందో ఆ పొడి అలా ఉంటుంది. మైదా లాంటి దాంట్లోంచి చేదు, ముక్కల్లోంచి పులుపు, రెండూ ఒకే కప్పులో. నేను జల్లెడ కూడా పట్టా, నవ్వకండి.

బర్ గ్రైండర్ అంటే కొత్త వింతేం కాదు, మన తిరగలే. మా నాయనమ్మ మినుములు విసిరేది చూడండి, రెండు రాళ్లు, మధ్యలో సందు. ఆ సందులో పట్టేంత చిన్నదయ్యాకే గింజ బయటికొస్తుంది. ఫ్లాట్ బర్ అంటే ఎదురెదురుగా రెండు పళ్ల చక్రాలు. కోనికల్ అంటే గిన్నెలాంటి దాంట్లో తిరిగే శంకువు. ఏది గొప్పదని గంటలు గంటలు కొట్టుకుంటారు. మీరు తాగేది పాలు కలిపిన కాఫీ అయితే ఆ గొడవలోకి పోకండి.

చూడాల్సింది ఇంకోటుంది. సందుని ఎంత చిన్న అడుగులతో మార్చగలం? ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. టైమ్‌మోర్ సీ2 ఫిల్టర్ కాఫీకి, పోర్ ఓవర్‌కి మంచి గ్రైండర్. కానీ దాంట్లో ఒక్క క్లిక్‌కి సందు సుమారు 83 మైక్రాన్లు మారుతుంది. కిన్‌గ్రైండర్ కె6లో 16, వన్‌జీప్రెస్సో జె-అల్ట్రాలో 8. అంటే సీ2లో ఒక అడుగు జె-అల్ట్రాలో పది అడుగులు. ఎస్ప్రెస్సోలో సీ2తో ఒక క్లిక్ దగ్గర 15 సెకన్లు వస్తే, పక్క క్లిక్‌లో మెషిన్ మూసుకుపోవచ్చు. మనకి కావాల్సిన 27 సెకన్లు ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, అక్కడ ఆగే వీలే లేదు. కాబట్టి 'ఎస్ప్రెస్సోకి కూడా పనికొస్తుంది' అని రాసుంటే నమ్మకండి. క్లిక్‌కి ఎన్ని మైక్రాన్లో అడగండి.

చేత్తో తిప్పేదా, కరెంటుదా? రోజుకి ఒకటి రెండు కప్పులైతే నా ఓటు చేత్తో తిప్పేదానికే. మోటార్ ఖర్చు ఉండదు, మీరు పెట్టిన డబ్బు బర్‌లకీ బేరింగ్‌లకీ పోతుంది. 18 గ్రాములకి నిమిషం పడుతుంది, లైట్ రోస్ట్ అయితే భుజం తెలుస్తుంది. ఇంట్లో నలుగురు తాగేవాళ్లుంటే కరెంటుదే తీసుకోండి, లేకపోతే ఆదివారం చుట్టాలొచ్చినప్పుడు నన్ను తిట్టుకుంటారు. బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్‌పీలో 40 సెట్టింగుల్లో మొదటి 20 ఎస్ప్రెస్సో కోసమే ఇచ్చారు. 64 మిల్లీమీటర్ల ఫ్లాట్ బర్ కావాలంటే డీఎఫ్64 ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మా బావ అమెరికా నుంచి వస్తూ "అక్కడ చీప్‌రా, తెచ్చేస్తా" అన్నాడు. మీకూ ఒక బావ ఉంటాడు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి మోటార్ తెచ్చి మన ప్లగ్‌లో పెడితే పొగ రావచ్చు. చేత్తో తిప్పేదైతే సూట్‌కేస్‌లో హాయిగా తెప్పించుకోండి, కరెంటుదైతే వద్దనండి.

బడ్జెట్ సంగతి. 25 వేలున్నాయంటే కనీసం సగం గ్రైండర్‌కే పెట్టండి. మెషిన్ తర్వాత మార్చుకోవచ్చు, మంచి గ్రైండర్ మాత్రం ఇంకో మెషిన్‌కీ పనికొస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది. మెషిన్‌తో ప్రెషరైజ్డ్ బాస్కెట్ వస్తుంది, అడుగున ఒకే ఒక్క సన్న రంధ్రం ఉంటుంది. ఒత్తిడిని ఆ రంధ్రమే పుట్టిస్తుంది కాబట్టి కొన్న పొడితో కూడా నడిచిపోతుంది. రుచి గొప్పగా ఉండదు, కానీ పాలల్లోకి పర్లేదు. చేతిలో డబ్బుల్లేకపోతే ఆరు నెలలు దాంతో గడపండి, అప్పు చేయకండి. నేను ఆ బాస్కెట్‌ని మొదటి రోజే డ్రాయర్‌లో పడేశా, తెలివి. ఇంకోటి, కాఫీ పొడి కొట్టులో చికోరీ కలిపి ఇచ్చేది డికాషన్‌కే వాడుకోండి.

ఇక వాడటం. కొత్త హ్యాండ్ గ్రైండర్‌ని ఖాళీగా ఉన్నప్పుడు హ్యాండిల్ బిగుసుకునేదాకా తిప్పండి. అది సున్నా. అక్కడి నుంచి క్లిక్‌లు లెక్కపెట్టండి. నా నంబర్ మీకు పనికిరాదు, మీ గింజలు వేరు, మీ మెషిన్ వేరు. కరెంటు గ్రైండర్‌ని మెత్త వైపు తిప్పాలంటే మోటార్ నడుస్తుండగానే తిప్పండి, లేకపోతే మధ్యలో ఇరుక్కున్న పొడి నలిగి బిగుసుకుంటుంది.

పొడి 18 గ్రాములు, కాఫీ 36, ఈ రెండూ కదపకండి. మార్చేది గ్రైండ్ ఒక్కటే. త్వరగా దిగితే మెత్తగా, ఆలస్యమైతే బరకగా. కోడ్‌లో ఒకేసారి మూడు చోట్ల మార్చి ఏ మార్పుతో బగ్ పోయిందో తెలీక కూర్చుంటాం కదా, అదే ఇది. 250 గ్రాముల ప్యాకెట్‌లో 13 షాట్లే ఉంటాయి. కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడల్లా రెండు మూడు పోతాయి, నాకూ పోతాయి. అందుకే ఫ్రిజ్ మీద చీటీ అంటించా: గింజ పేరు, రోస్ట్ తేదీ, క్లిక్‌లు, సెకన్లు. గింజలు పాతబడేకొద్దీ షాట్ తొందరగా దిగుతుంది, వారానికి ఒక క్లిక్ మెత్తగా వెళ్లాల్సి రావచ్చు.

పొడి గోడలకి అంటుకుని, ఎగిరి కౌంటర్ అంతా పడుతోందా? అది స్టాటిక్. రుబ్బే ముందు గింజల మీద ఒకటి రెండు చుక్కల నీళ్లు చిలకరించి కలపండి. 2023లో ఒరెగాన్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధనలోనూ గింజలో తేమ పెరిగితే స్టాటిక్ తగ్గుతుందనే తేలింది. చుక్కలే, స్పూన్ కాదు!

శుభ్రానికి బ్రష్ చాలు. నీళ్లతో కడగకండి, స్టీల్ బర్‌లు తుప్పు పడతాయి. మిక్సీలో బియ్యం తిప్పి శుభ్రం చేసే అలవాటు మా ఇంట్లో ఉంది, ఇక్కడ అది వద్దు. పచ్చి బియ్యం గట్టిగా ఉంటాయి, బర్‌కీ మోటార్‌కీ దెబ్బ.

ఈఎంఐ పూర్తయింది, మెషిన్ అదే ఉంది. నాన్న మాత్రం పాలు ఎక్కువ పోయించుకునే తాగుతారు, చక్కెర రెండు చెంచాలు. ఆ పాలని నురగ ఎలా తేవాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి, బై!